రద్దయిన వ్యాపార రుణం, ఆస్తి బేసిస్ తగ్గింపు: అమెరికా పన్ను లెక్క

అమెరికాలో బ్యాంకు మీ వ్యాపార రుణాన్ని రద్దు చేసి ఫారమ్ 1099-సి పంపినప్పుడు, ఆ మొత్తాన్ని సాధారణంగా ఆదాయంగానే చూపాలి. అయితే దివాలా కేసులో రద్దయినా, రద్దుకు సరిగ్గా ముందు మీ అప్పులు ఆస్తుల విలువను మించి ఉన్నా మినహాయింపు దొరుకుతుంది.

రెండో సందర్భంలో ముందుగా ఆస్తి అప్పుల పట్టీ రాసుకోండి. రిటైర్మెంట్ ఖాతాను కూడా అందులో చేర్చి తీరాలి. ఆస్తులు 70,000 డాలర్లు, అప్పులు 90,000 డాలర్లు ఉండగా 30,000 రద్దయితే, లోటు 20,000 కనుక మినహాయింపు అంతవరకే. మిగిలిన 10,000 డాలర్లు ఆదాయంలో కలుస్తాయి.

మినహాయించిన మొత్తాన్ని ఫారమ్ 982లో చూపి రిటర్నుకు జతచేయాలి. మామూలుగా అది మొదట నిర్వహణ నష్టాలను, తర్వాత కొన్ని క్రెడిట్లను, మూలధన నష్టాలను తగ్గించి, ఆపైనే బేసిస్, అంటే పన్ను లెక్కలో ఆస్తికి మిగిలిన ఖరీదు, దాకా వస్తుంది. ఐదో లైనులో ఎంచుకుంటే తరుగుదల వర్తించే ఆస్తుల బేసిస్‌నే ముందు తగ్గించవచ్చు: 35,000 డాలర్ల బేసిస్ ఉన్న యంత్రం మరుసటి పన్ను సంవత్సరం మొదటి రోజున 15,000కు దిగుతుంది. పాత నష్టాలు త్వరలో అక్కరకొచ్చేవారికి ఈ దారే మేలని నా అభిప్రాయం. కాకపోతే ఏటా వచ్చే తరుగుదల తగ్గుతుంది. యంత్రాన్ని లాభానికి అమ్మితే, ఈ తగ్గింపు మేరకు వచ్చిన లాభం మూలధన లాభం కాక సాధారణ ఆదాయమవుతుంది. అందుకే కొత్త బేసిస్‌ను తరుగుదల పట్టికలో వెంటనే నమోదు చేయండి.