రెజిన్ ప్రింటర్‌లో కట్టుడు పళ్ళు: ఫైలు సిద్ధం చేసుకోవడం, సపోర్టులు పెట్టడం ఎలా?

త్రీడీ ప్రింటర్‌తో కట్టుడు పళ్ళ సెట్టు చేసేటప్పుడు చిగుళ్ళ మీద కూర్చునే బేస్‌ను చిగురు రంగు రెజిన్‌లో (వెలుతురు పడితే గట్టిపడే ద్రవం), పళ్ళను పంటి రంగు రెజిన్‌లో విడివిడిగా ప్రింట్ చేస్తారు. ఆ తర్వాత పళ్ళను బేస్‌లోని గుంటల్లో కూర్చోబెట్టి అతికిస్తారు. పళ్ళను కూడా సాధారణంగా ఒక్కొక్కటిగా తీయరు. ఒక దవడకు కావలసిన 14 పళ్ళూ పక్కపక్కనే అంటుకుని, వంపు తిరిగిన ఒకే ముక్కగా వస్తాయి. ఆ ముక్కను కంప్యూటర్‌లో ప్రింటుకు తయారు చేయడం గురించే ఇక్కడ చెప్పబోయేది.

హైదరాబాద్ క్లినిక్‌ల నుంచి ల్యాబులకు జిప్సం మోడళ్ళు డబ్బాల్లో, స్కూటర్ల మీద వెళ్ళడం ఇంకా పూర్తిగా ఆగలేదు. కానీ వాటితో పాటు ఇప్పుడు త్రీడీ ఆకారాన్ని దాచే ఎస్‌టీఎల్ ఫైళ్ళు కూడా వస్తున్నాయి. చిన్న క్లినిక్‌ల వాళ్ళు కూడా సొంతంగా ప్రింటర్ కొనుక్కుంటున్నారు. మెషీన్ కొనడం తేలికే. ప్రింటైన పళ్ళు గుంటల్లో కూర్చోకపోతే ఏం చేయాలన్నదే అసలు తలనొప్పి, దానికి మూలం చాలాసార్లు సపోర్టుల దగ్గరే, అంటే ప్రింటయ్యేటప్పుడు ముక్కను పట్టి ఉంచే సన్నని స్తంభాల దగ్గరే, దొరుకుతుంది.

ముందే ఒక మాట. ఇది డాక్టరు డిజైన్ ఖరారు చేశాక మొదలయ్యే పని. ఇంట్లో ప్రింటర్ ఉంది కదా అని సొంత నోటికి పళ్ళు తయారు చేసుకోవద్దు. బజారులో దొరికే మామూలు రెజిన్ పంటి రంగులో ఉన్నంత మాత్రాన నోట్లో పెట్టుకోవడానికి పనికిరాదు. నోట్లో వాడటానికి పరీక్షించి, అనుమతి పొందిన డెంటల్ రెజిన్ వేరే ఉంటుంది. మన దేశంలో ఇలాంటివన్నీ 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ కిందికి వస్తాయి. కట్టుడు పళ్ళ గట్టిదనం, రంగు వగైరాలకు ఐఎస్‌ఓ 22112 అనే ప్రమాణం ఉంది. కొనే ముందు సీసా మీది లేబుల్, దాంతో వచ్చే కాగితం చదవండి.

ఏ వైపు మచ్చ పడినా ఫర్వాలేదు?

సాఫ్ట్‌వేర్ తెరవక ముందే తేల్చుకోవలసిన విషయం ఇది. సపోర్టు తగిలిన ప్రతి చోటా చిన్న మొటిమ మిగులుతుంది. దాన్ని అరగదీస్తే పంటి ఆకారం కాస్తో కూస్తో మారుతుంది. నమిలే వైపు మారితే బైట్, అంటే పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, పోతుంది. పెదవి వైపు మారితే నవ్వినప్పుడు కనిపిస్తుంది. ఇక మిగిలింది బేస్ గుంటలో దిగే అడుగు వైపు, నాలుక వైపు. ఈ రెండూ పూర్తిగా సురక్షితమని కాదు, అడుగున మొటిమ మిగిలితే పన్ను గుంటలోకి దిగదు. కాకపోతే అడుగును అరగదీస్తే నష్టం తక్కువ, అతికించాక ఆ చోటు ఎవరికీ కనబడదు. అందుకని నా లెక్కలో సపోర్టుల చోటు అడుగు వైపే, అవసరమైతే నాలుక వైపు కొంత.

దీనికి ఇంకో బలమైన కారణం ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. ఈ ప్రింటర్లలో వెలుతురు రెజిన్ తొట్టి అడుగు నుంచి పైకి వస్తుంది, ముక్క పైనున్న ప్లేటుకు అంటుకుని తలకిందులుగా వేలాడుతూ పెరుగుతుంది. పంటి రెజిన్ కాస్త పారదర్శకంగా ఉంటుంది కాబట్టి వెలుతురు అనుకున్న పొర దగ్గర ఆగదు, దాన్ని దాటి లోపలికి పోయి అక్కడున్న రెజిన్‌ను కూడా కొంత గట్టిపరుస్తుంది. అలా ప్లేటు వైపు తిరిగిన ముఖాలు కొంచెం లావెక్కుతాయి. వెలుతురు వైపు తిరిగినవి పదునుగా వస్తాయి. దవడ పళ్ళ మీది గాళ్ళు, మొనలు స్పష్టంగా రావాలంటే నమిలే వైపు ప్లేటుకు దూరంగా, వెలుతురు వైపు ఉండాలి. లావెక్కడమనేది అడుగున జరిగితే దాన్ని గుంట ఖాళీతో సర్దుకోవచ్చు.

స్లైసర్ (ఫైలును పొరలుగా కోసి ప్రింటుకు సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) తెర మీద ప్లేటు కింద కనిపిస్తుంది. ఇక్కడి నుంచి నేను కింద అంటే ప్లేటు వైపు, పైన అంటే ప్లేటుకు దూరంగా అని అనుకోండి.

ఫైలు తనిఖీ

ఎస్‌టీఎల్ ఫైలులో త్రిభుజాలు తప్ప కొలమానం ఉండదు. మిల్లీమీటర్లలో గీసినదాన్ని అంగుళాలని చదివితే 25.4 రెట్లు పెద్దదవుతుంది. అంత పెద్ద తేడా ఎలాగూ కంటికి కనిపిస్తుంది. ఎవరో మధ్యలో రెండు శాతం పెంచి పంపితే మాత్రం కనిపించదు. అందుకే స్లైసర్‌లోకి తీసుకోగానే పై దవడ ముందు పళ్ళలో మధ్య పన్ను వెడల్పు కొలవండి. మామూలుగా అది 8.5 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. "సార్, సెంట్రల్ వెడల్పు ఎంత పెట్టారు?" అని డిజైన్ చేసినవారికి ఒక ఫోను కొడితే సరిపోతుంది. ఫైలు వాట్సాప్‌లో వస్తే దాని పేరులో రోగి పూర్తి పేరు లేకుండా కేసు నంబరు పెట్టమని కూడా అప్పుడే చెప్పండి.

తర్వాత మెష్, అంటే ఆ త్రిభుజాల వల, సంగతి. ఎక్సోక్యాడ్, త్రీషేప్ లాంటి డెంటల్ సాఫ్ట్‌వేర్లు సాధారణంగా శుభ్రమైన ఫైలే ఇస్తాయి. ఇబ్బంది వచ్చేది విడి పళ్ళను లైబ్రరీ నుంచి తెచ్చి, పక్కపక్కన పేర్చి, అలాగే ఎగుమతి చేసినప్పుడు. పళ్ళు ఒకదాన్లోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. పైకి ఒకే ముక్కలా కనిపిస్తుంది, లోపల మాత్రం 14 పెంకులు. కొన్ని స్లైసర్లు రెండు పెంకులు కలిసిన చోటును ఖాళీ అనుకుంటాయి. ప్రింటులో రెండు పళ్ళ మధ్య బోలు వస్తుంది, నమిలినప్పుడు అక్కడే విరుగుతుంది. మెష్‌మిక్సర్‌లో గానీ బ్లెండర్‌లో గానీ బూలియన్ యూనియన్ చేసి అన్నిటినీ ఒకే పెంకుగా కలపాలి. మెష్‌మిక్సర్‌లో మేక్ సాలిడ్ నొక్కితే పని త్వరగా అయిపోతుంది కానీ, ఖచ్చితత్వం తక్కువ పెడితే గాళ్ళన్నీ మొద్దుబారిపోతాయి. రంధ్రాలు, తిరగబడ్డ ముఖాలు ఉన్నాయేమో మెష్‌మిక్సర్‌లోని ఇన్‌స్పెక్టర్‌తో ఒకసారి చూస్తే చాలు.

మెడ దగ్గర, అంటే పన్ను చిగురులో కలిసే అంచు దగ్గర, కత్తి అంచులా పలచబడిపోయిన చోట్లు ఉంటే వాటిని కొంచెం మందం చేయమని డిజైనర్‌ను అడగండి. 0.3 మి.మీ. కన్నా పలచని అంచు కడిగేటప్పుడే చిట్లిపోతుంది.

బొమ్మల ప్రింటింగ్ నుంచి ఈ పనిలోకి వచ్చినవాళ్ళకు రెజిన్ ఆదా కోసం లోపల బోలుగా చేసే అలవాటు ఉంటుంది. పళ్ళకు అది పనికిరాదు. లోపల గట్టిపడని రెజిన్ మిగిలిపోతుంది, అది చేరేది నోట్లోకే.

ఎంత వంచాలి, ఎటు వంచాలి

పళ్ళ ముక్కను నమిలే వైపు పైకి ఉండేలా చదునుగా పడుకోబెడితే ప్రింటు త్వరగా అవుతుంది. సమయం ఎత్తును బట్టి ఉంటుంది, ముక్కల సంఖ్యను బట్టి కాదు. ముక్క ఎత్తు 10 మి.మీ., కింద సపోర్టులకు 4 మి.మీ. అనుకుంటే 50 మైక్రాన్ల పొరలతో 280 పొరలు. అదే ముక్కను 15 డిగ్రీలు వంచితే ఎత్తు సుమారు 25 మి.మీ. అవుతుంది, పొరలు 500 దాటుతాయి. సమయం ఇంచుమించు రెట్టింపు.

అయినా నేను వంచడానికే ఓటేస్తాను. చదునుగా ఉంటే ప్రతి పొరలో 14 పళ్ళ కోతలూ ఒకేసారి తొట్టి అడుగునున్న పారదర్శక ఫిల్మ్‌కు అంటుకుంటాయి, ఒకేసారి ఊడాలి. వంచితే పెనం మీది అట్టును ఒక అంచు నుంచి లేపినట్టు ఊడటం ఒక పక్క నుంచి మొదలవుతుంది, సపోర్టుల మీద లాగుడు తగ్గుతుంది. పైగా పొరల మెట్లు నమిలే వైపు చదునైన చోట్ల గుంపుగా కనిపించవు. 10 నుంచి 20 డిగ్రీల మధ్య ఎక్కడైనా సరే. అంతకు మించితే సమయం పెరగడం తప్ప లాభం పెద్దగా ఉండదు.

ఎటు వంచాలన్నది ఎంత అన్నదానికన్నా ముఖ్యం. ముందు పళ్ళు పైకి లేవాలి, చివరి దవడ పళ్ళు కిందికి దిగాలి. అప్పుడు ముందు పళ్ళ పెదవి వైపు కాస్త ఆకాశం వైపు తిరుగుతుంది, నాలుక వైపు కిందికి తిరుగుతుంది. సపోర్టులు తమంతట తామే కనబడని వైపుకు వెళ్తాయి. దీన్ని తిరగేసి వంచితే నవ్వులో కనిపించే ముఖమంతా మొటిమలే.

సపోర్టులు

సపోర్టులను స్లైసరే పెట్టే ఆటో బటన్ నొక్కి వదిలేయవద్దు. ఆటో పెట్టడానికి నొక్కండి, ఆ తర్వాత కూర్చుని తీయడం, కలపడం మొదలుపెట్టండి. అసలు సమయం ఇక్కడే పెట్టాలి.

పొరలను కింది నుంచి పైకి ఒక్కొక్కటిగా జరుపుతూ చూడండి. ప్రతి పన్ను అడుగూ కిందికి దిగిన ఒక మొనే. ఆ మొన మొదలయ్యే పొరలో అది దేనికీ అంటకుండా గాలిలో మొదలవుతుంది, దీన్నే ఐలాండ్ అంటారు. దానికింద సపోర్టు లేకపోతే ఆ పొర ఫిల్మ్‌కు అంటుకుని తొట్టిలోనే ఉండిపోతుంది, పన్ను మొండిగా వస్తుంది. కాబట్టి 14 పళ్ళలో ప్రతిదాని అడుగున, సరిగ్గా అన్నిటికన్నా కింద ఉన్న బిందువు దగ్గర, ఒక సపోర్టు ఉండి తీరాలి. దవడ పళ్ళకు వేర్ల వైపు అడుగు వెడల్పుగా ఉంటుంది కాబట్టి మూడు, నాలుగు పెట్టండి. వాటి మధ్య దూరం 2 నుంచి 3 మి.మీ. ఉంటే బాగుంటుంది.

ఇప్పుడు తీసేయాల్సినవి. మెడ అంచు గీత మీద పడిన ప్రతి సపోర్టునూ తీసేయండి. పన్ను, చిగురు కలిసే ఆ గీత చిట్లితే అతికించాక గులాబీ రెజిన్ అక్కడ నిండి మరకలా కనిపిస్తుంది. తీసిన దాని బదులు ఒక మిల్లీమీటరు లోపలికి, అడుగు మధ్యకు ఇంకొకటి పెట్టండి. రెండు పళ్ళ మధ్య సందులో దూరినవాటినీ తీసేయాలి, కట్టర్ అక్కడికి చేరదు.

సపోర్టు మొన వ్యాసం 0.4 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి, స్తంభం ఒక మిల్లీమీటరు. మొన పంటిలోకి 0.1 మి.మీ. మాత్రమే దిగాలి. ఎక్కువ దిగితే విరిచినప్పుడు మొటిమ బదులు గుంట పడుతుంది, గుంటను అరగదీసి పోగొట్టలేం. సిరామిక్ పొడి ఎక్కువగా కలిసిన రెజిన్లు బరువుగా ఉంటాయి, వాటికి మొన 0.5 లేదా 0.6 మి.మీ. పెట్టాలి. రెజిన్ తయారీదారు ఇచ్చిన అంకెలుంటే నా అంకెలు పక్కన పెట్టి వాటినే వాడండి.

వంపు రెండు చివర్లూ దేనికీ కట్టుబడి ఉండవు. రెజిన్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి అవి లోపలికి జరిగే అవకాశం ఉంది. చివరి దవడ పళ్ళ కింద సపోర్టులు కాస్త దట్టంగా ఉంచండి. కొందరు ఎడమ, కుడి చివర్ల నాలుక వైపులను కలుపుతూ 2 మి.మీ. కడ్డీ ఒకటి డిజైన్‌లోనే వేస్తారు, క్యూరింగ్ (ప్రింటైన ముక్కను వెలుతురులో పూర్తిగా గట్టిపరచడం) అయ్యాక కోసేస్తారు. పెద్ద దవడలకు అది మంచి ఉపాయమే.

ఒక్క పన్నుతో కొలత చూడటం

కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ ఒక దవడ పన్నును, దానికి సరిపోయే గుంట ఉన్న చిన్న గులాబీ ముక్కను ప్రింట్ చేసి కూర్చోబెట్టి చూడండి. గుంట చుట్టూ 0.1 మి.మీ. ఖాళీతో మొదలుపెట్టవచ్చు. బిగుతుగా ఉంటే ముందు ఎక్స్‌పోజర్ సమయం (ఒక్కో పొర మీద వెలుతురు పడే సమయం) ఎక్కువైందేమో చూడండి, ఆ తర్వాతే డిజైన్‌లో ఖాళీ పెంచండి. పన్ను మొత్తాన్ని స్కేల్ చేసి చిన్నది చేయడం మాత్రం వద్దు, బైట్ కూడా దాంతో పాటే మారిపోతుంది.

హైదరాబాద్ గదిలో

డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ 15 డిగ్రీల కంటే కిందికి దిగడం మామూలే. చల్లబడిన రెజిన్ చిక్కబడుతుంది, ప్లేటు కిందికి సరిగ్గా పారదు, సన్నని సపోర్టులు తెగుతాయి. గది 25 డిగ్రీలకు వచ్చేదాకా ఆగండి, లేదా తొట్టిని వేడిచేసే సదుపాయం ఉంటే వాడండి. పంటి రెజిన్‌లోని పొడి అడుగుకు దిగుతుంది. సీసాను బాగా ఊపకుండా పోస్తే పళ్ళ రంగు మొదటి ప్రింటుకూ చివరి ప్రింటుకూ తేడా వస్తుంది. కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. మధ్యలో ఆగి మళ్ళీ మొదలైన ప్రింటు మీద గీత పడుతుంది, ఆ గీత దగ్గర బలం ఉండదు. యూపీఎస్ లేకుండా పళ్ళు ప్రింట్ చేయకండి.

కడగడం, విరవడం

నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, తడి రెజిన్ చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) రెండు తొట్లు పెట్టుకోండి, మొదటిది వాడినది, రెండోది తాజాది. ఎంతసేపు కడగాలన్నది రెజిన్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది. అంతకు మించి నానబెడితే పంటి పైపొర తెల్లబారి చిట్లుతుంది. పూర్తిగా ఆరాకే క్యూరింగ్ పెట్టెలో పెట్టాలి.

సపోర్టులు క్యూరింగ్‌కు ముందు తీయాలా, తర్వాతా అన్నది కూడా కాగితమే చెప్పాలి. మన ఇష్టానికి వదిలేస్తే, విడి పన్నుకు ముందే తీస్తాను, మెత్తగా తెగుతుంది. మొత్తం దవడ ముక్కకు మాత్రం తర్వాతే, ఎందుకంటే క్యూరింగ్ వేడిలో వంపు చెదరకుండా ఆ సపోర్టులే పట్టి ఉంచుతాయి. సగం సమయం అయ్యాక ముక్కను తిరగేయాలి, సపోర్టుల నీడ పడిన చోటికి వెలుతురు అందదు. చేత్తో విరవకుండా కట్టర్‌తో స్తంభాన్ని పంటికి కాస్త ఎడంగా తెంపి, మిగిలిన మొటిమను సన్నని బర్‌తో (అరగదీసే తిరుగుడు మొన) అరగదీయండి. అడుగునంతా వేలితో తడిమి చూసి, తర్వాత గుంటల్లో పొడిగా కూర్చోబెట్టండి. ఎక్కడైనా ఊగితే ఆర్టిక్యులేటింగ్ పేపర్ (తగిలిన చోట రంగు అంటే కాగితం) పెట్టి నొక్కితే మిగిలిన మొటిమ మీద రంగు పడుతుంది.

వాడిన ఐపీఏను, మిగిలిన రెజిన్‌ను సింకులో పోయవద్దు. సపోర్టు ముక్కలు, తుడిచిన కాగితాలు ఎండలో గట్టిపడ్డాకే చెత్తలో వేయాలి. ఫైళ్ళలో ఎస్‌టీఎల్ ఒక్కటే కాకుండా, మీరు చేత్తో సర్దిన సపోర్టులతో ఉన్న స్లైసర్ ప్రాజెక్టు ఫైలును కూడా కేసు నంబరుతో దాచండి. ఆ రోగి పళ్ళ సెట్టు కిందపడి పన్ను విరిగిందని క్లినిక్ నుంచి ఫోను వస్తే ఆ సపోర్టు పనంతా మళ్ళీ చేయనక్కర్లేదు.