చేప నూనె క్యాప్సూల్ కొనేముందు డబ్బా వెనక్కి తిప్పండి

చేప నూనె డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే 1000 మి.గ్రా. చూసి మురిసిపోకండి. అది మొత్తం నూనె బరువు. వెనక చిన్నక్షరాల్లో ఈపీఏ, డీహెచ్ఏ (నూనెలో అసలు పనికొచ్చే ఒమేగా-3 కొవ్వులు) ఎంతున్నాయో చూడండి. మామూలు రకాల్లో తరచూ 180, 120 మి.గ్రా. మాత్రమే ఉంటాయి. దిగులు (డిప్రెషన్) తగ్గడానికని వాడేవాళ్లు ఈపీఏ వాటా ఎక్కువున్నదే తీసుకోవాలి, పరిశోధనల్లో కాస్తో కూస్తో ఫలితం కనిపించింది ఎక్కువగా దాంతోనే. అదీ డాక్టరిచ్చిన మందుకు తోడుగానే, బదులుగా కాదు. వారాలు పడుతుంది కూడా. జ్ఞాపకశక్తి పెరుగుతుందన్న ఆశ మాత్రం నాకు లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీద చేసిన పెద్ద పరీక్షల్లో అలాంటిదేమీ తేలలేదు. పరగడుపున వేసుకుంటే చేప వాసన తేన్పులతో చిరాకు, భోజనంతో అయితే నూనె బాగా ఒంటబడుతుంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందు డాక్టర్ని అడగండి.