అమెరికా అధ్యక్షుడి తీరు చదవడం ఎలా? 4వ పాఠం: గదిలో ఎవరు మాట్లాడారు?

పోయిన పాఠంలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ని చూశాం. ఒకే పని ఇద్దరికి అప్పగించి, వాళ్ల తగువులోంచి అసలు సంగతి రాబట్టేవాడు. ఈసారి ప్రసంగాలు పక్కన పెట్టి, సమావేశపు గదిలోకి తొంగిచూద్దాం. నిర్ణయానికి ముందు ఎవరు అడ్డుచెప్పారు, ఎవరు ఊరుకున్నారు? అధ్యక్షుడి తీరు తెలుసుకోవడానికి నేను ముందుగా వెతికేది ఇదే.

ఐసెన్‌హోవర్ సైన్యంలో ఎదిగినవాడు. విదేశీ, రక్షణ విషయాల్లో అధ్యక్షుడికి సలహా ఇచ్చే జాతీయ భద్రతా మండలిని దాదాపు వారం వారం కూర్చోబెట్టేవాడు. కాగితాలు, కమిటీలు, పద్ధతి. ఆయన తర్వాత అధ్యక్షుడైన కెన్నెడీకి ఇదంతా చాదస్తంగా తోచింది. 1961లో వస్తూనే ఆ ఏర్పాట్లలో చాలావాటిని ఎత్తేశాడు.

మూడు నెలలు తిరక్కుండానే ఎదురుదెబ్బ తగిలింది. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ శిక్షణ ఇచ్చిన సుమారు 1,400 మంది క్యూబా ప్రవాసులు క్యాస్ట్రో ప్రభుత్వాన్ని కూలదోయాలని ఏప్రిల్ 17న క్యూబా తీరంలోని బే ఆఫ్ పిగ్స్ దగ్గర దిగారు. మూడు రోజుల్లో అంతా అయిపోయింది, వెయ్యి మందికి పైగా పట్టుబడ్డారు. (ఆ పథకం మొదలైంది ఐసెన్‌హోవర్ హయాంలోనే. తప్పంతా కుర్రాడి మీదకి నెట్టేయకండి.)

22న అధ్యక్షుల విడిది క్యాంప్ డేవిడ్‌లో కెన్నెడీ, ఐసెన్‌హోవర్ కలిశారు. ఐసెన్‌హోవర్ తర్వాత చెప్పుకున్నదాన్ని బట్టి, ఆయన అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఇది: అందర్నీ ఎదురుగా కూర్చోబెట్టి వాదించుకోనిచ్చావా, లేక ఒక్కొక్కరితో విడిగా మాట్లాడావా? సీఐఏ, సైనికాధిపతులు సిఫార్సు చేసిందే ఒప్పుకున్నానన్నాడు కెన్నెడీ.

ఇప్పుడు 1962 అక్టోబరుకి రండి. క్యూబాలో సోవియట్ క్షిపణులు బయటపడ్డాయి. మొదటి రోజు గదిలో గట్టిగా వినిపించిన మాట వైమానిక దాడి. కెన్నెడీ తొందరపడలేదు. తను ఎదురుగా ఉంటే మనసులో మాట చెప్పరని కొన్ని సమావేశాలకి కావాలనే వెళ్లలేదు. రోజుల తరబడి వాదన నడిచాక నౌకా దిగ్బంధం వైపు, అంటే ఆయుధాలు తెచ్చే ఓడల్ని క్యూబా చేరకుండా అడ్డుకోవడం వైపు, మొగ్గారు. ఏడాదిన్నరలో మనిషి మారలేదు, వినే పద్ధతి మారింది. 'శైలి అంటే పుట్టుకతో వచ్చే స్వభావం' అని నోట్సులో రాసుకున్నవాళ్లు ఆ వాక్యం కొట్టేయండి.

అభ్యాసం: 1965 జులైలో వియత్నాంకి మరిన్ని బలగాలు పంపడం గురించి కెన్నెడీ తర్వాతి అధ్యక్షుడు జాన్సన్ సమావేశాలు పెట్టాడు. విదేశాంగ శాఖలో ఉన్నతాధికారి జార్జ్ బాల్ గట్టిగా అడ్డుచెప్పాడు, జాన్సన్ ఓపిగ్గా విన్నాడు, చివరికి బలగాలు వెళ్లాయి. ఆ వినడం నిర్ణయానికి ముందా, తర్వాతా? ఒక పేజీ రాసి ఉంచుకోండి. 5వ పాఠం అక్కణ్నుంచే.