మే నెలలో మహేంద్రగిరి ఎక్కి సాయంత్రానికి ఇంటికి రావాలంటే

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. వేసవి సెలవలకి చుట్టాలు దిగారంటే చాలు ఎవడో ఒకడు "ఒరే మహేంద్రగిరి ఎల్దామా" అంటాడు, అన్నాక ఇంక ఆగేది లేదు. ఎత్తు 1501 మీటర్లు, ఒడిశాలోని ఎత్తైన కొండల్లో ఇదొకటి. జీపులు కూడా పైకి వెళ్తాయి కానీ నడిచే ఎక్కుతాం అనేవాళ్ళ కోసం రాస్తున్నా, శివరాత్రికి జనంతో పాటు ఎక్కినవాళ్ళు మాకు తెలుసులే అనుకోవద్దు, శివరాత్రి చలి వేరు మే నెల వేరు.

ముందు టైం సంగతి. మే నెలలో మా వైపు ఐదుంపావు కల్లా తెల్లారిపోద్ది, ఆ టైముకి కాళ్ళు కొండ మీద ఉండాలి. అంటే పర్లాకిమిడిలో మూడున్నరకే బండి కదలాలి, కొయినిపూర్ మీదుగా బురఖాత్ వెళ్ళి బండి అక్కడ పెట్టేసి నడక మొదలుపెట్టాలి. "టిఫిన్ చేసి వెళ్దాం" అనే మనిషి ప్రతి గ్యాంగులో ఒకడుంటాడు, వాడి టిఫిన్ రాత్రే ప్యాక్ చేయించండి. ఎందుకింత కంగారు అంటే ఎండ ఒక్కటే కాదు, మధ్యాహ్నం దాటాక ఈదురుగాలి, ఉరుములు, పిడుగులు. పొద్దున్న నీలంగా మెరిసిన ఆకాశం రెండింటికల్లా నల్లగా అయిపోవడం ఇక్కడ మామూలే. అందుకని నా రూలు ఒకటే, పదకొండయ్యేసరికి ఎక్కడుంటే అక్కడినుంచి వెనక్కి, శిఖరం కళ్ళ ముందు కనపడుతున్నా సరే.

ఈ రూలు ఊరికే రాలేదు. రెండేళ్ళ కిందట మా బావమరిది వాళ్ళతో వెళ్ళాం, బయల్దేరేసరికే ఆరున్నర, నడక మొదలయ్యేసరికి తొమ్మిది, దారిలో ఫోటోలు, పైకి చేరేసరికి ఒంటిగంట దాటింది. భీముడి గుడి దగ్గర కూర్చుని పులిహోర పొట్లం విప్పామో లేదో, పశువులు తోలుకెళ్తున్న ఒక సవర గిరిజన ముసలాయన ఆగి "బావూ, మబ్బు ఎక్కతాంది, దిగిపోండి" అన్నాడు. మేం తిని దిగుదాంలే అనుకున్నాం. పది నిమిషాల్లో గాలి లేచింది, పులిహోర ఎగిరిపోయింది, దిగేటప్పుడు వడగళ్ళు, పక్కనే ఎక్కడో పిడుగు పడ్డ చప్పుడుకి మా మేనల్లుడు నా చెయ్యి పట్టుకుని రెండు గంటలు వదల్లేదు. మీకూ అలా ఎదురైతే గుడి దగ్గరా ఒంటరి చెట్టు కిందా నిలబడొద్దు, గట్టు మీదనుంచి పల్లానికి దిగిపోండి, ఒకళ్ళనొకళ్ళు అంటుకోకుండా దూరదూరంగా దిగండి.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లు, ఎవరివి వాళ్ళే మొయ్యాలి. దారిలో ఊటలు ఉంటాయి కదా అనకండి, మహేంద్రతనయ నది పుట్టింది ఈ కొండల్లోనే నిజమే, ఆ పేరుతో రెండు నదులున్నాయి కూడా, ఒకటి మా ఊరి పక్కనుంచి వెళ్ళి వంశధారలో కలుస్తాది, ఇంకోటి బారువ దగ్గర సముద్రంలో కలుస్తాది, కానీ మే నెలలో ఏ ఊట ఎండిందో ఏది పారుతుందో చూడకుండా చెప్పలేం. ఒట్టి నీళ్ళే తాగుతూ పోతే కూడా కళ్ళు తిరుగుతాయి, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రావాలి. చొక్కా వీపు మీద తెల్లటి చార కనిపిస్తే అదే ఆ ఉప్పు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు పెట్టుకోండి. నేనైతే ఒక సీసాలో ఉప్పూ వామూ వేసిన పల్చటి మజ్జిగ పట్టుకెళ్తా, ఎనిమిదింటిలోపు అదే ముందు ఖాళీ చేస్తా, ఎండెక్కాక పులిసిపోద్ది కాబట్టి. బయల్దేరే ముందు చోడి (రాగి) అంబలి తాగితే ఇంకా మంచిది, మా పక్కింటి ఒడియా వాళ్ళు పొఖాళ, అంటే నీళ్ళలో నానబెట్టిన అన్నం, తిని వస్తారు, రెండూ ఒకటే మందు. పూరీలు మాత్రం తినొద్దు, మొదటి ఎక్కుడులోనే తెలిసిపోద్ది.

బట్టలు నూలువి, ఫుల్ చేతులవి. తువ్వాలు తడిపి మెడకి చుట్టుకోండి. బూట్లు పాతవే వేసుకోండి, కొత్త బూట్లు ఆ రోజే విప్పి వేసుకుంటే మడమలు బొబ్బలు. ఇంకోటి ఎవరూ చెప్పరు, ముందురోజు కాలిగోళ్ళు కత్తిరించండి, ఎక్కేటప్పుడు ఏం కాదు, దిగేటప్పుడు బొటనవేలు బూటు ముందుకి కొట్టుకుని గోరు నల్లబడిపోద్ది. దిగే ముందు లేసులు మళ్ళీ బిగించి కట్టుకోండి, చేతిలో ఒక వెదురు కర్ర ఉంటే మోకాళ్ళు మీకు దణ్ణం పెడతాయి.

నడక స్పీడు సంగతి ఏమిటంటే, పక్కవాడితో మాట్లాడుతూ ఎక్కగలిగితే అది మీ స్పీడు, మాట రావట్లేదంటే ఎక్కువైనట్టు. మాట్లాడ్డం వల్ల ఇంకో లాభం ఎలుగుబంట్లు. పనసపళ్ళు, ఇప్పపూలు ఉన్నచోటికి అవి వస్తాయి, మనుషుల మీద కోపంతో కాదు గానీ మలుపులో హఠాత్తుగా ఎదురుపడితే భయపడి మీద పడతాయి. మలుపుల దగ్గర గట్టిగా మాట్లాడండి, కర్రతో రాయి మీద కొట్టండి. పిల్లలతో ఉన్న ఎలుగు కనపడితే సెల్ఫీలు గిల్ఫీలు పెట్టుకోకుండా నెమ్మదిగా వెనక్కి రండి. బీడీ సిగరెట్లు మాత్రం వద్దే వద్దు, ఎండాకులు అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటాయి. మంటలు లేచిన రోజుల్లో అసలు అడవిలోకి వెళ్ళొచ్చో లేదో ముందే ఫారెస్టు వాళ్ళని అడగండి.

దారికి ఊళ్ళోంచి ఒక మనిషిని తీసుకెళ్ళండి, రోజు కూలికి తక్కువ కాకుండా ఇవ్వండి. సిగ్నల్ పోద్ది, ఫోన్లో మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా అడ్డదారులు అందులో ఉండవు. సవర మాటలు నాలుగైనా నేర్చుకుని వెళ్ళండి, గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళోనే మేష్టారుగా ఉంటూ ఆ భాష నేర్చుకుని నిఘంటువు దాకా వెళ్ళారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారనుకోండి, అది వేరే కథ.

ఎవరైనా తూలుతూ సంబంధం లేని మాటలు మాట్లాడుతూ ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ, వెంటనే నీడకి చేర్చి ఒంటిమీద నీళ్ళు పోసి విసరండి, స్పృహ లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యొద్దు. 108కి సిగ్నల్ దొరికే చోటుకి ఒకళ్ళు దిగాలి, అందుకే ముగ్గురికి తక్కువ వెళ్ళకూడదు.

పైకి చేరితే కింద కన్నా ఎనిమిదీ తొమ్మిదీ డిగ్రీలు తక్కువ ఉంటాది. కుంతి గుడి, ధర్మరాజు గుడి చూడండి, ఈ కొండ మీది శివుడు గోకర్ణేశ్వరుడంటే తూర్పు గంగ రాజులకి ఇలవేల్పు. భీముడి గుడి దగ్గర మాత్రం కాసేపు ఆగండి, ఒక్కో రాయీ మనిషి ఎత్తలేనంత, ఒకదాని మీద ఒకటి పేర్చేశారు. ఎండ నడినెత్తి మీదున్నా లోపలి వైపు రాయి మీద అరచెయ్యి పెడితే కుండలో నీళ్ళంత చల్లగా ఉంటాది. ఆ చల్లదనంలో కునుకు పట్టేస్తాది, అలారం పదకొండుకి పెట్టుకోండి.