లా చదువుతుండగానే ట్రయల్ నేర్చుకోవాలంటే

మూట్ కోర్టులో, అంటే లా విద్యార్థుల నమూనా వాదనల పోటీలో, కప్పులు గెలిచినవాళ్లు కూడా మొదటిసారి సాక్షి ముందు నిలబడితే తడబడతారు. మూట్‌లో సాక్షే ఉండడు, ఉన్నదంతా జడ్జిగారికి చట్టం వివరించడమే. ట్రయల్ అంటే సాక్షి నోట మాట రాబట్టి, అది రికార్డులోకి సరిగ్గా ఎక్కేలా చూసుకోవడం.

బార్ కౌన్సిల్ సిలబస్‌లో ఒక సివిల్ కేసు, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రికార్డు రాయాలని ఉంది, 30 మార్కులు. దయచేసి సీనియర్ల రికార్డు చూసి రాసేయకండి. అమలాపురం, భీమవరం, తణుకు, ఏది దగ్గరైతే ఆ కోర్టుకు వెళ్లండి. ఏ కేసులో సాక్షుల విచారణ నడుస్తోందో ప్లీడరు గుమాస్తాగారిని అడిగితే చెప్తారు. రోజుకో కేసు కాకుండా ఒకే కేసును పట్టుకోండి, వాయిదా పడితే ఆ తేదీకి మళ్లీ వెళ్లండి.

అక్కడ అన్నిటికన్నా జాగ్రత్తగా వినాల్సింది భాష. సాక్షి తెలుగులో చెప్తాడు, డిపోజిషన్ (కోర్టు రాసుకునే సాక్షి వాంగ్మూలం) చాలాసార్లు ఇంగ్లీషులో టైపవుతుంది, అదీ మామూలుగా ప్రశ్న లేకుండా జవాబులే కథలా. మన గోదావరి వాళ్లు పెద్దవాళ్లు ఏదన్నా మర్యాదకి 'ఆయ్' అంటారు, అది ఒక్కోసారి అవును, ఒక్కోసారి వింటున్నానండి అని మాత్రమే. 'నోటు మీ ఇంట్లోనే రాశారు కదా' అన్నప్పుడు అలవాటుగా వచ్చిన 'ఆయ్' ఒప్పుకోలుగా ఎక్కిపోతే ఆ మనిషికి అన్యాయం. అందుకే అతని తరఫు ప్లీడరైనా, క్రాస్ చేసే, అంటే ఎదుటి పక్షం నుంచి ప్రశ్నించే ప్లీడరైనా 'అవునా, కాదా' అని తేల్చుకోవాలి. 'తెలీదు', 'గుర్తులేదు', 'చూళ్లేదు' కూడా మూడు వేరు జవాబులు, కలిపేయకండి.

ఇంటి దగ్గర సాధనకి ప్రోనోటు దావా తీసుకోండి. నలుగురు స్నేహితులు చాలు: వాది, ప్రతివాది, దస్తూరి (నోటు తన చేత్తో రాసినవాడు), నోటు మీద సాక్షి సంతకం పెట్టినవాడు. నోటు తానే రాసిచ్చానని ప్రతివాది ఒప్పుకుంటే, డబ్బు ముట్టిందనే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 118వ సెక్షన్ అనుకుంటుంది, కాదని చూపించాల్సింది అతనే. కాబట్టి క్రాస్ అంతా డబ్బు చుట్టూ తిరగాలి. ఆ డబ్బు ధాన్యం అమ్మినదా, రొయ్యల చెరువు లీజుదా? ఎవరు లెక్కపెట్టారు? అప్పుడు గదిలో ఎవరున్నారు? దస్తూరిని అడుగుతుంటే మిగతా సాక్షులు బయటే ఉండాలి.

ఒక ప్రశ్నలో ఒకటే సంగతి. 'మీరు సాయంత్రం వచ్చి నోటు రాసి డబ్బు ఇవ్వడం చూశారా' అంటే అందులో మూడున్నాయి, వచ్చిన జవాబు దేనికో ఎవరికీ తెలియదు. చీఫ్‌లో, అంటే తన సాక్షిని తన ప్లీడరే అడిగేటప్పుడు, జవాబును నోటికందించే ప్రశ్న కోర్టు అనుమతిస్తే తప్ప కుదరదు, క్రాస్‌లో కుదురుతుంది. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అది 146వ సెక్షన్. సాక్షి ఇంతకుముందు రాసిచ్చినదానికీ ఇప్పుడు చెప్పేదానికీ తేడా చూపించడానికి 148, పాత ఎవిడెన్స్ చట్టంలో అదే 145. ఆ కాగితంలోని మాటను సాక్షికి చదివి వినిపించాకే తేడా అడగాలి. కావలసిన జవాబు వచ్చిందా, అక్కడే ఆగండి. 'ఎందుకు' అని అడిగితే సాక్షికి సర్దుకునే దారి మీరే ఇచ్చినట్టు.

మొత్తం ఫోన్‌లో రికార్డు చేసుకుని, ప్రశ్నలు తీసేసి జవాబులు మాత్రం డిపోజిషన్‌లా రాయండి. కేసు తెలియని స్నేహితుడికి అది చదవమని ఇవ్వండి. ఎక్కడ అర్థం కాలేదో చెప్పమనండి, ఆ ప్రశ్నను మార్చి మళ్లీ అడగండి.