ఆయిల్‌లో క్లీనర్ పోసే ముందు గేజ్ పుల్ల తీసి వాసన చూడండి

చిన్న ఇంజన్ కాస్త మొరాయిస్తే చాలు, ఆయిల్‌లో క్లీనర్ డబ్బా ఒంపేయడం చాలామందికి అలవాటైపోయింది. జనరేటరైనా, నీళ్ల పంపైనా, టిల్లరైనా అదే వైద్యం. ఆ డబ్బాలో ఉండేది ఎక్కువగా పల్చటి ద్రావకమే. లోపల పేరుకున్న మడ్డిని కరిగించడం దాని పని. జబ్బు మడ్డి కానప్పుడు అది చేసే మేలేమీ లేదు, పైగా కొన్నిసార్లు ఉన్న జబ్బును ముదరబెడుతుంది.

ఇక్కడ చెప్పేదంతా పెట్రోల్‌తో నడిచే ఫోర్ స్ట్రోక్ ఇంజన్ల గురించి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోల్‌తో కలిసి కాలిపోతుంది, అడుగున నిలవ ఉండదు కాబట్టి వాటికీ ఈ గొడవకీ సంబంధం లేదు.

లక్షణం: ఆయిల్ నల్లగా అయిపోయింది

అవనివ్వండి. మామూలు ఇంజన్ ఆయిల్‌లోనే డిటర్జెంట్ ఉంటుంది. అది మసిని పట్టి తనలో తేలుతూ ఉంచుతుంది కాబట్టే నలుపు. రంగు చూసి కంగారు పడకుండా ఒక చుక్క రెండు వేళ్ల మధ్య రుద్దండి. గరగరలాడితే ఎయిర్ ఫిల్టర్ దగ్గర ఎక్కడో దుమ్ము దూరుతోంది. తళతళలాడే రేణువులు కనిపిస్తే లోహం అరుగుతోంది. ఈ రెండింటికీ క్లీనర్ మందు కాదు. ఏదీ లేకపోతే టైముకి ఆయిల్ మార్చుకోండి, అంతే. చాలా కంపెనీలు కొత్త ఇంజన్‌కి మొదటి 20 గంటలకు, ఆ తర్వాత 100 గంటలకో ఆరు నెలలకో మార్చమంటాయి.

లక్షణం: స్టార్ట్ కావడానికి మొండికేస్తోంది, లోడ్ ఇస్తే ఆగిపోతోంది, స్పీడు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంది

ఇది కార్బురేటర్ కథ, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగానిది. నిలవున్న పెట్రోల్ ఆవిరైపోయి జెట్‌లోని సన్నటి రంధ్రంలో జిగురు మిగిల్చి ఉంటుంది. ఆయిల్‌లో పోసింది కార్బురేటర్ జెట్ దాకా ఎలా వెళ్తుందనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రెండూ వేర్వేరు దారులు. కార్బురేటర్ కింది కప్పు విప్పండి, జెట్ తీయండి, వెలుతురుకు పెట్టి రంధ్రం కనిపిస్తోందో లేదో చూడండి.

లక్షణం: ఆయిల్ మట్టం దానంతటదే పెరిగింది, పల్చబడింది, పొగ వస్తోంది

అసలు దొంగ ఇక్కడున్నాడు. పైకి చూస్తే అంతా మడ్డి పట్టిన ఇంజన్ లక్షణాలే: తెల్లటి పొగ, బలం తగ్గడం, ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ దాకా చిమ్మడం, అప్పుడప్పుడూ తాడు లాగితే బిర్రుగా పట్టేయడం. అందుకే జనం క్లీనర్ కొంటారు. కానీ లోపల జరుగుతున్నది పెట్రోల్ ఆయిల్‌లో కలిసిపోవడం.

చాలా చిన్న ఇంజన్లలో ట్యాంక్ కార్బురేటర్ కంటే ఎత్తులో ఉంటుంది, పెట్రోల్ దాని బరువుకే కిందికి దిగుతుంది. దాన్ని ఆపేది కార్బురేటర్ కప్పులో తేలే ఫ్లోట్‌కి పైన ఉన్న సూదిలాంటి నీడిల్ ఒక్కటే. ఆ నీడిల్ కొసకో, అది కూర్చునే చోటికో ఇసుక రేణువంత చెత్త అడ్డుపడినా, రబ్బరు కొన గట్టిపడి గాడి పడినా, పెట్రోల్ ఆగకుండా కారుతూనే ఉంటుంది. బయటికి కారితే వాసన పట్టేస్తాం. లోపలికి, ఇన్‌టేక్ గొట్టంలోకి దిగితే మాత్రం ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి సిలిండర్‌లోకి, పిస్టన్ రింగుల సందుల్లోంచి ఆయిల్‌లోకి చేరుతుంది. ఇంజన్ ఆపి, పెట్రోల్ కాక్ కట్టకుండా వదిలేస్తే రాత్రికి రాత్రే ఇదంతా అయిపోవచ్చు. కాక్ తెరిచి ఉంచి బండిలో వేసుకెళ్తే కుదుపులకు నీడిల్ ఎగిరెగిరి పడి ఇంకా త్వరగా దిగుతుంది.

పెట్రోల్ కలిసిన ఆయిల్‌కి జిగట ఉండదు. చాలా చిన్న ఇంజన్లలో పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ అల్యూమినియంది, మధ్యలో బేరింగ్ లేకుండా నేరుగా క్రాంక్ మీదే తిరుగుతుంది. పల్చటి ఆయిల్‌తో లోడ్ మీద నడిపితే ముందు పోయేది అదే. అప్పటికే పల్చబడ్డ ఆయిల్‌లో ఇంకో పల్చటి ద్రావకం పోసి, "శుభ్రపడుతుందిలే" అని పావుగంట నడిపారంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అలా రాడ్ విరిగి, పక్క గోడకు చిల్లు పడి వచ్చిన ఇంజన్లు నా బల్ల మీద చాలా చూశాను. పక్కనే సగం ఖాళీ అయిన క్లీనర్ డబ్బా కూడా తెచ్చి చూపిస్తారు, "ఇది పోశాక ఇలా అయింది" అని.

కనిపెట్టడానికి రెండు నిమిషాలు చాలు. ఇంజన్ సమతలంగా ఉన్నచోట పెట్టండి. ఆయిల్ మట్టం చూపే గేజ్ పుల్ల తీసి తుడిచి, మళ్లీ పెట్టి తీయండి. కొన్ని ఇంజన్లలో, ఉదాహరణకు హోండా జీఎక్స్ రకాల్లో, పుల్లను తిప్పి బిగించకుండా ఊరికే దింపి చూడాలి. ఇది తెలియక బిగించి చూసి మట్టం ఎక్కువుందని పొరబడేవాళ్లూ ఉన్నారు. మట్టం నిజంగానే ఎక్కువుంటే ముక్కు దగ్గర పెట్టుకోండి. పెట్రోల్ వాసన గుప్పుమంటే సంగతి తేలిపోయినట్టే. అనుమానం తీరకపోతే ఒక చుక్క తెల్ల కాగితం మీద వేయండి. నల్ల మచ్చ చుట్టూ లేత రంగు తడి వలయం త్వరత్వరగా పాకితే పల్చటిదేదో కలిసిందని అర్థం.

తాడు కదలకుండా పట్టేస్తే బలవంతంగా లాగకండి, సిలిండర్ నిండా పెట్రోల్ ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్ తీశాకే లాగండి. ఆ రంధ్రంలోంచి పెట్రోల్ చిమ్ముతుంది కాబట్టి మొహం పక్కకు పెట్టి, ప్లగ్ వైరును దూరంగా ఉంచి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి.

బాగుచేయాల్సింది కార్బురేటర్‌ని. కాక్ కట్టి, కప్పు విప్పి, ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపండి. లోపల గళగళమంటే చిల్లు పడిందన్నమాట, మార్చాల్సిందే. నీడిల్ కొన మీద గుండ్రంగా గాడి ఉంటే దాన్నీ మార్చండి, అరగదీసి సరిచేద్దామని చూడకండి. మళ్లీ బిగించాక ఎయిర్ ఫిల్టర్ తీసేసి, కాక్ తెరిచి కొన్ని గంటలు వదిలేయండి. కార్బురేటర్ గొంతులో తడి కనిపించకూడదు. ఈ పరీక్ష నెగ్గాకే పాత ఆయిల్ మొత్తం దింపి కొత్తది పోయండి. లోడ్ లేకుండా ఓ పది నిమిషాలు నడిపి, దాన్నీ దింపేసి మళ్లీ కొత్తది. దింపిన ఆయిల్‌లో పెట్రోల్ ఉందని మర్చిపోకండి, మూత గట్టిగా పెట్టిన డబ్బాలో వేరుగా ఉంచండి.

కార్బురేటర్ బాగానే ఉండి, పెట్రోల్ పంపు ఇంజన్ ఊపిరితో పనిచేసే డయాఫ్రం రకమైతే, ఆ పొర చిరిగినా ఇదే జరుగుతుంది.

లక్షణం: నీలి పొగ, కానీ పెట్రోల్ వాసన లేదు

ఆయిల్ ఎక్కువ పోశారా, ఎయిర్ ఫిల్టర్ కిందికి వచ్చేలా ఇంజన్‌ని ఒరగబెట్టారా, ముందు ఇవి చూడండి. రెండూ కాకపోతే బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే దారి) మూత విప్పండి. లోపలి పల్చటి రేకు మడ్డితో అతుక్కుపోయి ఉంటే తుడిచేస్తే సరిపోతుంది. రింగులు పోయాయన్న నిర్ణయం ఆఖరికి.

నిజంగానే మడ్డి ఉంటే

ఆయిల్ పోసే మూత లోపల, డ్రెయిన్ బోల్ట్ చివర నల్లటి పేస్టులాంటిది అంటుకుని ఉంటే, ఆయిల్ తగ్గితే ఇంజన్‌ని ఆపే సెన్సర్ మట్టం సరిగ్గా ఉన్నా ఊరికే ఆపేస్తుంటే, అప్పుడు క్లీనర్‌కి పని ఉంది. కానీ కొలత చూసుకోండి. డబ్బా మీది లెక్క మామూలుగా కారు ఇంజన్‌కి రాసింది. 450 మిల్లీలీటర్లు 4.5 లీటర్ల ఆయిల్‌కి అని ఉంటే లీటరుకు 100 అన్నమాట. మీ ఇంజన్‌లో పట్టేది 600 మిల్లీలీటర్లే అయితే 60 చాలు. అంతే ఆయిల్ ముందు తీసేసి పోయండి, మట్టం గీత దాటకూడదు.

ఇంకో తిరకాసు ఉంది. ఇలాంటి ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టర్ ఉండదు, పంపూ ఉండదు. రాడ్ కింది కొమ్ము ఆయిల్‌ని చిమ్ముతూ ఉంటుంది. కరిగి ఊడిన మడ్డిని పట్టుకునేది ఏదీ లేదు, అదే చిమ్ముడులో తిరుగుతుంది. అందుకని లోడ్ ఇవ్వకుండా, డబ్బా మీద రాసిన నిమిషాలకు మించకుండా నడిపి, వేడి మీదే దింపి, ఇంజన్‌ని డ్రెయిన్ వైపు వంచి చివరి చుక్కదాకా కారనివ్వాలి. కొత్త ఆయిల్ పోసి ఐదారు గంటలు నడిపాక దాన్నీ మార్చేయాలి. నన్నడిగితే క్లీనర్ మానేసి, మంచి ఆయిల్‌నే రెండుసార్లు తక్కువ గంటలకు మార్చడం మేలు. నెమ్మదిగా అయినా అదే కడుగుతుంది. కిరోసిన్, డీజిల్ పోసి కడగడం మాత్రం వద్దు.

క్లీనర్ పోశాక కొత్తగా వచ్చేవి

పాత ఇంజన్‌లో సీల్ దగ్గర కారడం మొదలైతే, అప్పటిదాకా దాన్ని ఆపింది మడ్డే. సీల్ మార్చండి. బైక్‌లో క్లచ్ జారుతుంటే, గేరు, క్లచ్ రెండూ అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి కనుక పోసినదాన్ని దింపేసి ఆయిల్‌లో మునిగే క్లచ్‌కి సరిపోతుందని తెలిపే జాసో ఎంఏ గుర్తున్న ఆయిల్ పోయండి. ఆయిల్ పాలలా తెల్లబడితే తక్కువ సేపు నడపడం వల్ల చేరిన తేమ. ఆయిల్ మార్చి, లోడ్ మీద బాగా వేడెక్కేదాకా నడపండి.