బస్సైతే ఆఫ్, ఆటో అయితే అవుట్ ఆవ్

బస్సు దిగడాన్ని మనం ఇంగ్లిష్‌లో 'గెట్ డౌన్' అనేస్తాం. హైదరాబాద్‌లో అది నడిచిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. విదేశీ క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం ఇది చూసుకోండి. లోపల నిలబడి నడవగలిగే బండైతే, అంటే సిటీ బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ లాంటివైతే, ఎక్కడం 'గెట్ ఆన్', దిగడం 'గెట్ ఆఫ్'. వంగి దూరి కూర్చునే ఆటో, క్యాబ్ అయితే 'గెట్ ఇన్', 'గెట్ అవుట్ ఆవ్'. ఈ 'ఆవ్' స్పెల్లింగ్‌లో ఒక్కటే ఎఫ్ (of), 'ఆఫ్'లో రెండు (off). మనవాళ్లు మింగేసేది దాన్నే! బైక్ ఎంత చిన్నదైనా పైన కూర్చుంటాం కాబట్టి ఆన్, ఆఫే.

దింపమని అడిగేటప్పుడు 'మీ' మధ్యలో రావాలి: 'డ్రాప్ మీ ఆఫ్ ఎట్ అమీర్‌పేట్'. 'డ్రాప్ ఆఫ్ మీ' అనకండి.